చాగనార నుండి మనీప్లాంటు వరకు: మన ఇంటి మొక్కల పూర్వచరిత్ర

మాఘమాసము సగము గడిచేసరికి గోదావరి డెల్టాలో చలి పలుచబడుతుంది. మామిడి కొమ్మల చివర పూత విచ్చుకొంటుంది. మునగచెట్లు పూతతో తెల్లబడతాయి. సినిమా నటుల ఊరిగా లోకమునకు తెలిసిన మా మొగల్తూరులో కూడ ఈ రోజులలో కొత్త మొక్క ఒకటి తెచ్చి పెట్టుకోవాలనే కోరిక చాలమందికి పుడుతుంది. కడియము నుండి మొక్కలు నింపుకొని వచ్చే బండ్లు వీధి మలుపులలో ఆగుతాయి. ఆ బండి దగ్గర నిలుచున్నవారు తరచు అడిగే ప్రశ్న ఒక్కటే: "చావని మొక్క ఏదైనా ఉన్నదా?"

చావని మొక్క లేదు. తక్కువ సేవతో బ్రతికే మొక్కలు మాత్రము ఉన్నాయి. అవి ఎందుకు అలా బ్రతుకుతాయో తెలియాలంటే వాటి పుట్టినిల్లు తెలియాలి. పుట్టినిల్లు తెలిస్తే నీరు ఎంత పోయాలో, ఎండ ఎంత చూపాలో ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మొక్కల ప్రయాణములలో వైద్యుల పాత్ర చాల ఎక్కువ. అందువలన ఒక విశ్రాంత వైద్యుడు ఈ చరిత్రను చెప్పబూనుట మరీ విడ్డూరము కాదని మీరు అంగీకరిస్తారని ఆశిస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇంటి లోపల మొక్కను పెంచుట మన ప్రాంతపు ఆచారము కాదు. పాత పెంకుటిళ్ళలో ముందు అరుగు, వెనుక పెరడు ఉండేవి. పెరటిలో కరివేపచెట్టు, మందారము, నందివర్ధనము, మల్లెపొద, నూతి పక్కన అరటి, గోడ వారగా కలబంద ఉండేవి. తులసికోట ముంగిట గాని, నడుమ వాకిటిలో గాని ఉండేది. ప్రతి మొక్కకూ ఒక పని ఉండేది: వంటకో, పూజకో, జడలోనికో, పంటినొప్పికో. గడప దాటి లోపలికి వచ్చేవి కోసిన పూలు, ఆకులు మాత్రమే. వేళ్ళతో సహా మొక్కను గదిలో నిలుపుట ఆరునెలలు మంచు కురిసే దేశముల వారి అవసరము నుండి పుట్టినది. భీమవరములోనో, హైదరాబాదులోనో మూడవ అంతస్తులో కాపురము పెట్టిన మన పిల్లలకు పెరడు లేదు గనుక ఆ అలవాటు ఇప్పుడు మనదీ అయినది.

మనము పరదేశపు వింతగా ఎంచి కొని తెచ్చుకొనే మొక్కలలో ఒకదానికి మన తీరమున సొంత బంధువు ఉన్నది. ఈ కథ సామర్లకోటలో మొదలవుతుంది.

పదునెనిమిదవ శతాబ్దములో ఐరోపాలో వైద్యవిద్యలో వృక్షశాస్త్రము ఒక భాగము. మందులలో అధికభాగము మొక్కల నుండే వచ్చేవి గనుక మొక్కను గుర్తించలేనివాడు వైద్యుడు కాజాలడు. మొక్కలకు రెండు మాటల లాటిను పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయసు వైద్యుడే. ఆయన శిష్యుడై మన దక్షిణదేశమునకు వచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో మొక్కలను పరిశీలించిన కోనిగ్ కూడ వైద్యుడే. కోనిగ్ 1785లో మరణించిన పిమ్మట ఆ పని పాట్రిక్ రస్సెల్ అనే మరొక వైద్యునికి వచ్చినది. రక్తపింజరిని ఆంగ్లములో నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన తరువాతి వాడు విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశస్థుడు. 1776లో మద్రాసు వైద్యసేవలో చేరి, 1781లో సామర్లకోట దండులో వైద్యునిగా కుదురుకొన్నాడు. సిపాయిల జ్వరములు, పుండ్లు చూచుకొంటూ ఆ ఊరిలోనే ఒక ప్రయోగశాల వంటి తోట వేసినాడు. రాజమహేంద్రవరపు కొండలలో దొరికిన అడవి మిరియపు తీగను తెచ్చి నాటినాడు. కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ, సీమపనస వంటివి ఈ నేలలో వస్తాయో రావో పరీక్షించినాడు. 1787లో వచ్చిన ఉప్పెనలో పుస్తకములు, కాగితములు పోగొట్టుకొని కూడ పని మానలేదు. స్థానిక చిత్రకారులను కొలువులో పెట్టుకొని వందల మొక్కలకు రంగుల చిత్రములు వేయించి లండనుకు పంపినాడు. వాటినుండి ఎంచిన 300 చిత్రములు కోరమండల తీరపు మొక్కల గురించిన మూడు సంపుటములుగా 1795 నుండి వెలువడినాయి.

ఆ సంపుటములు నాకు ప్రీతిపాత్రము కావడానికి కారణము చిత్రములు ఒక్కటే కాదు. రాక్స్‌బర్గ్ లాటిను పేరు పెట్టి ఊరుకోలేదు. ఊరివారు ఆ మొక్కను ఏమంటారో విని తెలుగు పేరును కూడ ఆంగ్లాక్షరములలో వ్రాసుకొన్నాడు. ఫాల్గుణములో ఆకు రాల్చి, చెట్టంతా నిప్పు అంటుకొన్నట్లు పూసే మోదుగ ఆయన మొదటి సంపుటములోనే కనబడుతుంది. మోదుగ ప్రజాతికి ఒక స్కాట్లండు ప్రభువు పేరు మీద లాటిను నామము వచ్చినది, పక్కనే మన మోదుగ పేరు కూడ నిలిచినది. డెల్టా మాగాణిలో మోదుగలు అరుదు. పోలవరము దాటి మన్యము వైపు వెళితే ఈ రోజులలో వాటిని కన్నులారా చూడవచ్చును.

అదే గ్రంథములో చాగ అనే మొక్క ఉన్నది. చాగనార అని కూడ అంటారు. నేల నుండి నిటారుగా కత్తుల వలె లేచే దళసరి ఆకులు, వాటి మీద అడ్డముగా ముదురు, లేత ఆకుపచ్చ చారలు. ఆకును నానబెట్టి, గీకి, తెల్లని గట్టి నార తీసేవారు. ఆ నారతో అల్లెత్రాడు పేనేవారు. ఆంగ్లములో దీనిని వింటినారి జనుము అనే అర్థము వచ్చే పేరుతోనే పిలిచినారు. సంస్కృతములో వింటినారికి మౌర్వి అనే పేరు ఉన్నది కదా. మూర్వ అనే మొక్క నారతో చేసినది మౌర్వి. ఆ మూర్వ ఈ చాగయేనని కొందరు పండితులు తలచినారు, ఆయుర్వేదములో వేరు మొక్కలను కూడ ఆ పేరుతో వాడుతారు గనుక నేను ఆ తగవులోనికి వెళ్ళను. రాక్స్‌బర్గ్ మరణించిన తరువాత, 1829లో, మన తీరపు చాగకు ఆయన పేరే శాస్త్రనామముగా వచ్చినది.

ఇప్పుడు నర్సరీలో స్నేక్ ప్లాంట్ అని అమ్మే మొక్కను ఒకసారి గుర్తు చేసుకొనండి. అవే కత్తుల వంటి ఆకులు, అవే అడ్డచారలు, కొన్నిటికి అంచున పసుపుపచ్చని గీత. అది పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చిన దాయాది. ఈ ప్రజాతికి సాన్సెవీరియా అనే పేరు 1794లో పెట్టినవాడు తున్‌బర్గ్ అనే స్వీడను దేశపు వైద్యుడు. డచ్చి ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా జపాను, సింహళము వరకు వెళ్ళి మొక్కలు సేకరించినవాడు. మా పొరుగున పాలకొల్లులో కోఠీ కట్టి మన నేతగుడ్డలు కొనిపోయినది ఆ డచ్చి కంపెనీయే. ఇటీవల శాస్త్రజ్ఞులు ఈ మొక్కలను డ్రసీనా ప్రజాతిలో కలిపినారు గాని, అమ్మేవారు, కొనేవారు పాత పేరును విడువలేదు.

ఎండిన నేలలలో, రాళ్ళ సందులలో పుట్టిన జాతి గనుక ఈ మొక్క తన నీటిని తన ఆకులోనే దాచుకొంటుంది. మీరు వారము రోజులు ఊరికి వెళ్ళినా దానికి తెలియదు. దానిని చంపుటకు తేలికైన ఉపాయము రోజూ నీరు పోయుట. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే నీరు పోయవద్దు. ఇండ్లలో కుండీ మొక్కలు దాహముతో చచ్చేవాటి కంటె వేరు కుళ్ళి చచ్చేవే ఎక్కువ. నీరెక్కువైన మట్టిలో గాలి ఉండదు, గాలి లేని చోట వేరు ఊపిరాడక చస్తుంది. ఆకు వాడినది చూచి యజమాని ఇంకొక చెంబు పోస్తాడు. ఉబ్బసమును గుండెజబ్బుగా పొరబడి వైద్యము చేసినట్లు ఉంటుంది ఆ పని.

మొగల్తూరు, పేరుపాలెము వంటి సముద్రపు చేరువ ఊళ్ళ వారికి మరొక హెచ్చరిక. మన బోరునీరు చాలచోట్ల ఉప్పన. దానినే పోస్తూ ఉంటే కొన్ని నెలలకు కుండీ అంచున తెల్లని ఉప్పుపొర కడుతుంది, ఆకుల కొసలు మాడుతాయి. వాననీరు పట్టి ఉంచుకొన్నా, కాలువనీరు వాడినా మంచిది. అది కుదరకపోతే నెలకొకసారి అడుగు రంధ్రము నుండి ధారగా కారేటట్లు మంచినీరు పోసి ఉప్పును కడిగివేయండి.

సరే, ఆఫ్రికా మొక్క, పసిఫిక్ ద్వీపపు తీగ సముద్రములు దాటి ప్రాణములతో ఎలా వచ్చినాయి? నెలల తరబడి ఓడ మీద ఉప్పుగాలి, మంచినీటి కరవు. నావికులకే కొలిచి ఇచ్చే నీటిలో మొక్కకు వాటా ఎక్కడిది? పంపిన మొక్కలలో అత్యధికము దారిలోనే చచ్చేవి. ఈ చిక్కు విప్పినవాడు కూడ వైద్యుడే. నథానియల్ వార్డ్ లండనులో ఓడరేవుల చెంత బీదలు ఉండే పేటలో వైద్యము చేసేవాడు. బొగ్గుపొగకు ఆయన పెరటి మొక్కలు బ్రతికేవి కావు. 1829లో ఒక చిమ్మట పురుగు గూడు నుండి ఎలా బయటపడునో చూడాలని, తడిమట్టి వేసిన గాజుసీసాలో దానిని పెట్టి మూత బిగించినాడు. పురుగు సంగతి అటుంచి, ఆ మట్టిలో ఒక ఫెర్ను, ఒక గడ్డిమొక్క మొలిచినాయి. పగలు ఆవిరి పైకి లేచి గాజుకు పట్టి, తిరిగి మట్టిలోనికి జారేది. ఎవరూ నీరు పోయకుండ ఆ మొక్కలు సంవత్సరముల తరబడి బ్రతికినాయి. 1833లో అటువంటి గాజుపెట్టెలు రెండింటిలో మొక్కలు పెట్టి సిడ్నీకి పంపితే పచ్చగా చేరినాయి.

ఆ పెట్టెలు లోకమును మార్చినాయి. చైనా తేయాకు మొక్కలు హిమాలయపు వాలులకు చేరినది వాటిలోనే. 1860 తరువాత దక్షిణ అమెరికా సింకోనా మొక్కలను నీలగిరులకు తెచ్చే ప్రయత్నములో వాడినవి కూడ అవే. సింకోనా బెరడు నుండి వచ్చే క్వినైను మన మన్యపు చలిజ్వరమునకు మందు. అదే గాజుపెట్టె చిన్నరూపములో విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషువారి ముందుగదులలో అలంకారముగా చేరినది. ఇంటి లోపల మొక్క అనే ముచ్చట సామాన్యులకు అంటినది అప్పటినుండే. నేడు పట్టణములలో టెర్రేరియము అని అమ్మే గాజుబుడ్డి వార్డ్ గారి సీసాయే.

మనీప్లాంటు కథ కొంచెము విచిత్రమైనది. దాని పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములో తాహితీ పక్కన ఉన్న మోరియా అనే చిన్న ద్వీపము. 1880లో ఐరోపా శాస్త్రజ్ఞులు దానిని మొదటిసారి వర్ణించినారు. నేడు అది లేని తెలుగు ఇల్లు అరుదు. ఇన్ని ఇండ్లలో ఉన్నా దాని పువ్వును చూచినవారు మీలో ఉండరు. ఆ తీగలో పూతను పుట్టించే జిబ్బరెలిన్ అనే వృద్ధిరసము తయారీకి కావలసిన జన్యువు సరిగా పనిచేయదని శాస్త్రజ్ఞులు 2016లో తేల్చినారు. అందుచేత ఎన్ని వసంతములు వచ్చినా అది పూయదు. పూయని మొక్కకు విత్తనము లేదు. కణుపు దగ్గర త్రుంచి నీటిలో పెట్టిన ముక్క నుండి మరొక ముక్క, అలా మనిషి చేతుల మీదుగానే అది లోకమంతా ప్రాకినది. దొంగిలించిన కొమ్మయే బాగా పెరుగుతుందని మనవారి నమ్మకము. ఆ నమ్మకము ఈ తీగకు చేసిన మేలు ఏ నర్సరీ చేసి ఉండదు!

వానలు కురిసే అడవిలో పెద్దచెట్ల నీడన ప్రాకే తీగ గనుక దానికి నేరుగా ఎండ పనికిరాదు, గదిలో కిటికీ వెలుతురు చాలును. జీ జీ ప్లాంట్ అనే మరొక మొక్క తూర్పు ఆఫ్రికాది. మట్టిలో బంగాళదుంపల వంటి దుంపలలో నీరు నిలవ చేసుకొంటుంది. డచ్చి నర్సరీలు 1990ల చివరిలో దానిని అంగళ్ళకు ఎక్కించినాయి. దానికి నెలకు రెండుసార్లు నీరు పోస్తే ఎక్కువ.

ఈ పరదేశపు మొక్కలన్నీ మన వాకిళ్ళకు చేరుటకు వంతెన కడియము. ఆ వంతెన కట్టినది గోదావరి. 1847లో ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యములో ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తి అయినది. అంతకు ముందు కరవులకు, ఉప్పెనలకు తల్లడిల్లిన సీమ, కాలువనీటితో సంవత్సరము పొడవునా తడిసే నేల అయినది. ధవళేశ్వరమునకు దిగువన, తూర్పుకాలువ ఆయకట్టులో ఉన్న కడియము, కడియపులంక గ్రామముల వారు ఆ నీటితో, నది తెచ్చిన ఒండ్రుమట్టితో మొదట పూలతోటలు, పండ్లమొక్కల అంట్లు వేసినారు. పల్ల వెంకన్న గారి వంటి నర్సరీ రైతులు దూరదేశముల రకములను సైతము తెప్పించి, కొమ్మ గుచ్చి, అంటుకట్టి, లక్షల మొక్కలుగా పెంచి దేశము నలుమూలలకు పంపినారు. జాతీయ రహదారికి రెండువైపుల మైళ్ళ పొడవున ఆ నర్సరీలను మీరు చూచియే ఉంటారు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ కంపెనీ సొమ్ముతో వేసిన తోట ఆయన 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు వెళ్ళిన పిదప మరుగున పడినది. ఏ ప్రభువు ఆదేశము లేకుండ రైతులు వేసిన తోటలు మాత్రము తరతరములుగా పెరుగుతున్నాయి. కడియములో చాగనార కోసము అడిగి చూడండి. దాని ఆఫ్రికా దాయాది పది రకములలో దొరుకుతుంది.

ఇక పూల మాట. తొలివసంతములో బాల్కనీలో పూలు చూడాలని కోరుకొనేవారికి నేను ముందు చెప్పేది కాగితపుపూల తీగ. 1767లో ఫ్రెంచి నావికుడు బూగన్విల్ భూప్రదక్షిణ యాత్రలో, రియో డి జనీరో దగ్గర దీనిని సేకరించినవాడు కామర్సన్ అనే వైద్యుడు. పురుషవేషములో ఆయనకు సహాయకురాలిగా ఓడ ఎక్కిన జాన్ బారే అనే పల్లెపడుచు, భూమిని చుట్టివచ్చిన తొలి స్త్రీగా చరిత్రకెక్కినది. కామర్సన్ కాలినొప్పితో నడవలేని రోజులలో కొండలెక్కి మొక్కలు తెచ్చినది ఆమెయేనని చరిత్రకారులు చెబుతారు. పేరు మాత్రము ఓడ నాయకునికి దక్కినది. మనము పువ్వు అనుకొనే రంగుల రేకులు నిజమునకు ఆకులే. వాటి నడుమ తెల్లని చిన్న గొట్టము వలె ఉన్నదే అసలు పువ్వు. ఈ తీగకు నిండుగా ఎండ, అరకొర నీరు కావాలి. నీరు ఎక్కువైతే ఆకు, తక్కువైతే పూత.

రెండవది బిళ్ళగన్నేరు. సమాధుల దగ్గర, గోడల పగుళ్ళలో కూడ పూస్తుంది గనుక దీనికి మన ఇండ్లలో గౌరవము తక్కువ. వైద్యుడు మాత్రము దీనికి నమస్కరించాలి. మడగాస్కరు దీవి నుండి వచ్చి ఉష్ణదేశములన్నిటా స్థిరపడిన ఈ మొక్క ఆకుల కషాయమును వెస్టిండీసులో మధుమేహమునకు త్రాగేవారు. 1950లలో జమైకా నుండి కొన్ని ఆకులు కెనడాలోని ఒక వైద్యునికి చేరగా, ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్ ప్రయోగశాలలో వాటిని పరీక్షించినాడు. ఎలుకలలో చక్కెర తగ్గలేదు. తెల్లరక్తకణములు మాత్రము దారుణముగా తగ్గి అవి సూక్ష్మజీవుల బారిన పడి చచ్చినాయి. తెల్లకణములను అణచే పదార్థము తెల్లకణముల పుట్టకురుపుకు మందు కాగలదని ఆయనకు తోచినది. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను లోకమునకు ప్రకటించినాడు. ఎలై లిల్లీ సంస్థ పరిశోధకులు అదే మొక్క నుండి విన్‌క్రిస్టిన్‌ను తీసినారు. పిల్లలలో వచ్చే రక్తపు పుట్టకురుపు ఒకప్పుడు దాదాపు మరణశాసనము. నేడు వారిలో అధికులు బ్రతికి పెద్దవారవుతున్నారు. వారికిచ్చే మందులలో విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైనది.

ఈ కథను సగము విన్నవారు ఉదయముననే బిళ్ళగన్నేరు ఆకులు నమలుట నేను మొగల్తూరులోనూ, ఇతర ఊళ్ళలోనూ చూచినాను. చక్కెర తగ్గుతుందని వారి ఆశ. మీరు ఆ పని చేయవద్దు. ఆకులో మందు ఎంత ఉన్నదో కొలత లేదు, అందులోని పదార్థములు ఎముకల మజ్జను, నాడులను దెబ్బతీయగలవు. పుట్టకురుపు వైద్యులు ఆ మందును మిల్లీగ్రాములలో లెక్కించి, రక్తపరీక్షలు చూచుకొంటూ ఇస్తారు. మధుమేహమునకు వేసుకొనే మాత్రలు మానివేసి ఆకు నమిలినవారి గతి మరింత ప్రమాదకరము. పేరు కలిసినందున ఇంకొక గందరగోళము కూడ ఉన్నది. గన్నేరు, పచ్చగన్నేరు అనేవి వేరు మొక్కలు. వాటి ఆకు, గింజ, పాలు అన్నీ గుండె లయను ఆపగల విషములు. పసిపిల్లలు ఉన్న ఇంట వాటిని పెంచవద్దు. ఎవరైనా తిన్నట్లు అనుమానము కలిగితే ఇంటివైద్యములతో కాలము పోగొట్టక వెంటనే ఆసుపత్రికి చేర్చండి. మనీప్లాంటు, డిఫెన్‌బేకియా వంటి ఆకుమొక్కలు అంత ప్రాణాంతకములు కావు గాని, వాటి ఆకులో సూదుల వంటి సున్నపు స్ఫటికములు ఉంటాయి. పాకే పిల్లవాడు కొరికితే నోరు మండి నాలుక వాస్తుంది. ఆ కుండీలను చేతికి అందని ఎత్తున పెట్టండి.

ఇంటి మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయని మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. దాని మూలము 1989 నాటి నాసా ప్రయోగము. వోల్వర్టన్ అనే శాస్త్రజ్ఞుడు మూసివేసిన చిన్నపెట్టెలలో మొక్కలను పెట్టి, బెంజీను, ఫార్మాల్డిహైడు వంటి ఆవిరులు తగ్గుట చూచినాడు. అది అంతరిక్షనౌకల కొరకు చేసిన పని. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. అటువంటి ప్రయోగములన్నిటినీ సమీక్షించిన డ్రెక్సెల్ విశ్వవిద్యాలయపు వారు 2019లో లెక్క కట్టి చూపినారు: కిటికీల గుండా సహజముగా వచ్చిపోయే గాలి చేసే పాటి పని మొక్కలు చేయాలంటే, చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావాలి. స్నేక్ ప్లాంట్ రాత్రివేళ ప్రాణవాయువును విడుస్తుందనుట కూడ అపోహయే. అది రాత్రి పత్రరంధ్రములు తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆమ్లముగా దాచుకొంటుంది. ప్రాణవాయువు పుట్టేది మాత్రము వెలుతురు ఉన్న పగటివేళనే. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి నిముషమునకు సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కావాలి. ఒక కుండీ మొక్క ఆ లెక్కలో ఏ మూలకూ రాదు. అలాగే రాత్రి పడకగదిలో మొక్క ఉంటే ఊపిరాడదనే భయము కూడ నిరాధారమే. ఆయాసపు రోగులు మొక్కలను నమ్ముకొని మందు మానవద్దు, కిటికీలు తెరువండి.

మరి మొక్క వలన ఆరోగ్యమునకు ఒరిగేది ఏమీ లేదా? ఉన్నది. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయపు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల వివరములు ప్రకటించినాడు. సగము మందికి కిటికీ నుండి చెట్లు కనబడేవి, మిగిలిన సగమునకు ఇటుకగోడ. చెట్లు చూచినవారు సుమారు ఒక పూట నుండి ఒక రోజు ముందుగా ఇంటికి వెళ్ళినారు, ఘాటైన నొప్పిమందులు వారికి తక్కువ అవసరమైనాయి. చిన్న పరిశీలనయే, అయినా నా అనుభవము కూడ దానితో ఏకీభవిస్తుంది. పిల్లలు విదేశములకు వెళ్ళగా ఒంటరిగా మిగిలిన నా వయస్సు వారికి, ఉదయము లేవగానే చూడవలసిన ప్రాణి ఒకటి ఇంట ఉండుట తక్కువ సంగతి కాదు.

ఇప్పుడు కుండీ కింది పళ్ళెము దగ్గరకు రండి. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అప్పటినుండి నిలువనీరు వైద్యుల కన్ను పడే చోటు అయినది. డెంగీని తెచ్చే చారల దోమ మురుగులో గ్రుడ్లు పెట్టదు, మీ ఇంటి శుభ్రమైన నీటినే వెదకుతుంది. పళ్ళెములో నిలిచిన నీరు, మనీప్లాంటు పెట్టిన సీసా దానికి పురిటిగదులు. వారమునకు ఒకసారి నీరు పారబోస్తే చాలదు. గ్రుడ్లు పాత్ర గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. పీచుతో రుద్ది కడగాలి. మనీప్లాంటును మట్టిలోనికి మార్చుట అన్నిటికంటె సుఖము. అందమునకు తెచ్చుకొన్న మొక్క దోమకు నిలయమగుట కొత్త కాదు. దక్షిణ అమెరికా నుండి ఊదారంగు పూల కోసము ఉద్యానములలోనికి తెచ్చిన గుర్రపుడెక్క, నేడు మన కాలువలను, కొల్లేటిని కమ్మివేసినది. బోదకాలు వ్యాధిలో ఒక రకమును మోసే మాన్సోనియా దోమ పిల్లలు దాని వేళ్ళను కరచుకొనియే పెరుగుతాయి. చెరువులు, కుంటలు ఉన్నవారు అలంకారమునకైనా దానిని తెచ్చి వేయవద్దు.

చివరకు మల్లె. ఇది మన పెరటిదే. ఆసియా అంతటా దీని మీద మక్కువ ఉన్నది. ఫిలిప్పీను దేశమువారు 1934లో దీనిని తమ జాతీయపుష్పముగా ఎన్నుకొన్నారు. కుండీలో కూడ చక్కగా వస్తుంది. మా వైపు పెద్దవారు పుష్యమాసములో నీరు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలను మోకాలెత్తున కత్తిరించి, తరువాత మొదటిలో త్రవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టేవారు. కొత్త చిగురుకే మొగ్గ వస్తుంది గనుక ఆ కత్తిరింపు లేకపోతే పూత పలుచన. ఆ పని చేసినవారి కుండీలలో ఇప్పుడు చిగురు కనబడుతూ ఉంటుంది. ఉగాదికి వేపపూతతో పాటు మొదటి మల్లెమొగ్గలు కూడ చేతికి వస్తాయి. కత్తిరించనివారు ఇప్పుడు తొందరపడి కత్తెర పట్టవద్దు, పెరుగుతున్న మొగ్గలు పోతాయి. రోజుకు ఆరుగంటల ఎండ తగిలేచోట కుండీని పెట్టి, ఎరువు వేసి, వచ్చినన్ని పూలు కోసుకొనండి. కత్తెర మళ్ళీ పుష్యములో.